నలభై రెండు సీసాలు

నాకు నోరెక్కువని మా ఆయన ప్రమోట్ పెళ్ళయిన నెలకే వీధంతా చెప్పుకొచ్చాడు. నేనేం బాధపడలేదు, ఉన్నమాటే కదా. కానీ ఆ ఏడు వానాకాలంలో ఆ నోటితో నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ తింటున్న కంచం పక్కకు జరిపేస్తాను.

ప్రమోట్ వాళ్ళ నాన్న, మా మామయ్య, పేరు చరూన్. మా ఊరు నఖోన్ చైసీలో థాచిన్ నది పొడవునా ఆర్కిడ్ తోటలు పెట్టుకున్నవాళ్ళలో సగంమంది గింజ మొలిపించమని కాయ కోసుకుని మా ఇంటికే పరిగెత్తుకొచ్చేవారు. ఆర్కిడ్ కాయలో లక్షల గింజలుంటాయి గానీ, గింజ అంటే పేరుకే. ముఖానికి రాసుకునే పౌడరు ఎలా ఉంటుందో అలా ఉంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. మొలవడానికి కావలసిన తిండి దానిలో రవ్వంత కూడా ఉండదు. అందుకని బంగాళాదుంప, అరటిపండు, కొబ్బరిబోండం నీళ్ళు కలిపి జావ కాచి, సీసాల్లో గడ్డకట్టించి, దానిమీద గింజ చల్లి బిరడా బిగించాలి. ఆ తీపి జావంటే గింజకెంత ఇష్టమో బూజుకీ అంతే ఇష్టం. గింజ పచ్చబడడానికి నెల పైనే పడుతుంది. బూజుకు మూడు రోజులు చాలు. గాలిలో ఒక్క నలుసు లోపలికి పోయిందా, సీసా మొత్తం తెల్లటి బొచ్చు కప్పేసుకుంటుంది.

సీసాలంటే విస్కీ తాగి పారేసే బల్లపరుపు సీసాలే. ఊళ్ళో జనం మన కోసమే కష్టపడి తాగుతున్నారని ప్రమోట్ హాస్యమాడేవాడు. వాటిని కడిగి, జావ పోసి, దూది కూరిన రబ్బరు బిరడాలు పెట్టి, పెద్ద కుక్కర్లో ఉడికించి, ఇంటి వెనక గదిలో బల్లమీద పేర్చేవాళ్ళం. గది మధ్యలో అద్దాల పెట్టె ఉండేది. దానికి ముందువైపు చేతులు దూర్చుకోవడానికి రెండు కంతలు. లోపల స్పిరిట్ దీపం. నలభై ఏళ్ళు ఆ దీపం ముందు మామయ్య కూర్చున్నారు. డెబ్బై ఆరో ఏట చేతులు వణకడం మొదలై, కళ్ళకు పొరలు కమ్మి, ఆ పని నాకు నేర్పారు. నేర్పేటప్పుడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మా అమ్మ నాకు అన్నం వండడం నేర్పినప్పుడు కూడా అంత ఓపిక పట్టలేదు.

ఆ ఏడు మే నెలలో వానలు ముందే పట్టుకున్నాయి. మామయ్య సొంతంగా తయారుచేసిన నీలి వాండా ఆర్కిడ్ మొక్కకు మొవ్వులో కుళ్ళు పట్టింది. ఇరవై రెండేళ్ళపాటు ఒకదానితో ఒకటి కలిపి, నచ్చనివి పారేసి, మళ్ళీ కలిపి ఆ నీలం తెచ్చారాయన. పెద్ద వరదలో తోట మొత్తం మునిగితే, పైకప్పు వాసానికి కట్టి ఉండడం వల్ల అదొక్కటే బతికింది. చలికాలంలో ఆయన పక్కన నిలబడి చెబుతుంటే దాని పూవుకు పుల్లతో పుప్పొడి పెట్టింది నేనే. ఒకే ఒక్క కాయ నిలిచింది. జూన్ వచ్చేసరికి మొక్కకు కింద రెండాకులు మిగిలాయి, కాయ ఇంకా పచ్చిగానే ఉంది.

ఇంకో నెల ఆగుదామా అని అడిగాను. కాయ పండేదాకా తల్లి ఉండదమ్మా, ఇప్పుడే కొయ్యి, పచ్చికాయలో గింజే శుభ్రంగా ఉంటుంది అన్నారు.

"ఇది పూసేసరికి ఎన్నేళ్ళు పడుతుంది మామయ్యా?"

"ఆరు. ఏడనుకో."

నేను నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం అరుదు కాబట్టి ఆయనకు అర్థమైపోయింది.

"లెక్క నాకూ వచ్చులే ఉబోన్. నేను చూడకపోతే నువ్వు చూస్తావు. ఎవరో ఒకరు చూస్తే చాలు."

ఒక బుధవారం పొద్దున కాయ కోశాం. పళ్ళు తోముకునే బ్రష్షుతో సబ్బు పెట్టి గాడి గాడీ రుద్దాను. స్పిరిట్‌లో ముంచి మంటమీద మూడుసార్లు తిప్పాను. చేతులు మోచేతుల దాకా స్పిరిట్‌తో తుడుచుకుని పెట్టెలోకి దూర్చి కాయను నిలువునా చీల్చాను. మామయ్య మూతికి గుడ్డ కట్టుకుని నా భుజం వెనక నిలబడ్డారు. సీసా మూతి మంట పక్కనే ఉంచు, బిరడా కింద పెట్టకు, చిటికెనవేలితో పట్టుకో, ఊపిరి నెమ్మదిగా తియ్యి అని చెబుతూనే ఉన్నారు. మధ్యాహ్నానికి నలభై రెండు సీసాలు పూర్తయ్యాయి. ఇకనుంచి ఈ దీపం నీదేనమ్మా అని చెప్పి ఆయన గుడ్డ విప్పుకుని బయటికి వెళ్ళారు.

మర్నాడు గురువారం. బళ్ళలో పిల్లలు గురువులకు పూలు పెట్టి మొక్కే రోజు. రేవు దాటి బజారుకు వెళ్తుంటే పిల్లలంతా పూలపళ్ళేలు పట్టుకుని వరసగా నడుస్తున్నారు. నేను బడి మానేసి ఇరవై ఏళ్ళు. నాకు గురువంటూ ఉంటే ఇంట్లో ఉన్న ముసలాయనే. ఒక మల్లెదండ కొన్నాను. ఆయన చేతికిస్తే, ఇదేమిటమ్మా తమాషా అని నవ్వి ప్రమోట్‌కి కూడా చెబుతారు. అతను నెలరోజులు నన్ను ఏడిపిస్తాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఆ దండను అద్దాల పెట్టె మూలనున్న మేకుకు తగిలించి దండం పెట్టుకున్నాను. ఆనాటినుంచి ప్రతి గురువారం పాత దండ తీసి ఇంటి పక్క కాలవలో వదలడం, కొత్తది తగిలించడం నాకు అలవాటైంది.

మొదటివారం రెండు సీసాలకు బూజు పట్టింది. నాకు దిగులేసింది గానీ మామయ్య మాత్రం మెచ్చుకున్నారు. నేనైతే ఐదారు పోగొట్టేవాణ్ణి, నీ చెయ్యి మంచిది అన్నారు. ఆ రెండింటినీ మూత తీయకుండానే ఉడకబెట్టి పారబోశాను. పదిరోజులు గడిస్తే గండం గడిచినట్టే. చల్లేటప్పుడు దూరిన నలుసు ఏదైనా ఉంటే అప్పటికే బయటపడి తీరుతుంది.

పదిరోజులూ గడిచాయి. పన్నెండోరోజున నాలుగు సీసాలు తెల్లబడ్డాయి. మూడోవారంలో ఏడు.

మామయ్య ఒక్కో సీసా చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి కంటికి ఆనించి చూసేవారు. ఇంత ఆలస్యంగా రాకూడదే, రాకూడదే అని తనలో తాను గొణుక్కునేవారు. ఆయన చేతిలో సీసా గలగలా వణికేది. లోపల గోడలకు పట్టిన చెమట బొట్లు ఎగిరి బిరడాలోని దూదికి తగలడం నేను చూశాను. రోజూ మధ్యాహ్నం ఆయనలా పది పన్నెండు సీసాలు చూసేవారు.

ఇంకేముంది, దొరికింది అనుకున్నాను. దొంగను పట్టుకున్నంత సంతోషం కలిగింది. ఆ సంతోషం కలిగినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

"మామయ్యా, ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి" అన్నాను.

"చెప్పమ్మా."

"మీరు పట్టుకుంటే సీసా కదులుతోంది. నీళ్ళు ఎగిరి దూది తడుస్తోంది. తడిసిన దూదిలోంచి బూజు లోపలికి దిగుతుందని నాకు చెప్పింది మీరే."

ఆయన చేతిలో ఉన్న సీసాను రెండు చేతులతో జాగ్రత్తగా బల్లమీద పెట్టారు. అది కూడా బల్లకు తగిలి టకటకమంది.

"లోపలికి రావద్దంటావా?"

"మొలకలు గట్టిపడేదాకా."

"సరేనమ్మా. నేను ఆలోచించలేదు" అన్నారు. గుమ్మం బయట చెప్పులు వెతుక్కోవడానికి ఆయనకు కాసేపు పట్టింది. నేను వెళ్ళి అందించలేదు. సీసాలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ఇరవై తొమ్మిది ఉన్నాయి.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ సాయంత్రం ప్రమోట్ అన్నం తింటూ, నాన్న మొహం అలా ఉందేమిటి అని అడిగాడు. చేపలు వేయిస్తూ గొంతు తగ్గించకుండా చెప్పాను, ఆయన విత్తనాన్ని ఆయన చేతులతో ఆయనే చంపుకుంటున్నారు, నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు అని. మా ఇల్లు చెక్క ఇల్లు. అవతలి గదిలో దగ్గు వినిపించింది, ఆగిపోయింది. ప్రమోట్ నావైపు చూసి కంచం పక్కకు జరిపేశాడు.

మరునాటి నుంచి మామయ్య కాలవ మెట్లమీద కూర్చోవడం మొదలుపెట్టారు. మొక్కలు నాటడానికి కొబ్బరిపీచు ముక్కలు కోసి గంపలో వేయడం ఆయన పని. తోటలోకి కూడా వెళ్ళడం మానేశారు. వెనక గదివైపు తల తిప్పేవారు కాదు. భోజనం దగ్గర నన్నేమీ అడిగేవారు కాదు గానీ, నేను లేనప్పుడు ప్రమోట్‌ని మాత్రం అడిగేవారట, ఇంకెన్ని ఉన్నాయిరా అని.

అప్పటికి ఇరవై నాలుగు ఉన్నాయి. నాలుగురోజుల్లో అవి పంతొమ్మిదయ్యాయి.

ఇదేమిటని నాకు పిచ్చెత్తింది. జావ మళ్ళీ కాచి ఖాళీ సీసాల్లో పోసి చూశాను, అవి బాగానే ఉన్నాయి. కుక్కరు మారిస్తే తేడా రాలేదు. గదిలో ఫ్యాను తీసేయించాను, గోడలు స్పిరిట్‌తో తుడిచాను, రోజుకు మూడుసార్లు స్నానం చేశాను. ప్రమోట్‌ని గుమ్మం దగ్గరికి కూడా రానిచ్చేదాన్ని కాదు. చివరికి నా బుద్ధి ఎక్కడికి పోయిందంటే, నేను బజారుకు వెళ్ళినప్పుడు మామయ్య లోపలికి వస్తున్నారనుకున్నాను. ఎవరితోనూ అనలేదు, తాళం కొని తెచ్చాను. నేను తాళం వేస్తుంటే ఆయన మెట్లమీద ఉన్నారు. చప్పుడు విన్నారు. కోస్తున్న పీచు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయి, మళ్ళీ కొయ్యడం మొదలుపెట్టారు.

అదే వారం తల్లిమొక్క చచ్చిపోయింది. పట్టుకుంటే మొవ్వు ఊడి చేతిలోకి వచ్చింది. అదే వారం, మిగిలిన సీసాల్లో జావ మీద పచ్చటి చుక్కలు కనిపించాయి. ఆవగింజలో సగం ఉంటాయి, వందలకొద్దీ. వాటిని చూసి గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. పరిగెత్తుకెళ్ళి ఆయనకు చెప్పాలనిపించింది. కానీ తాళంచెవి నడుముకు కట్టుకుని వెళ్ళి ఏ మొహంతో చెబుతాను? భోజనం దగ్గర ప్రమోట్‌తో చెప్పాను, ఆయన వింటారని. మామయ్య తలెత్తకుండా, మంచిది అన్నారు.

ఆగస్టు మొదటివారానికి సీసాలు నాలుగే మిగిలాయి. తాళంచెవి నా నడుముకే ఉంది. గదిలోకి నేను తప్ప ఈగ కూడా రాలేదు. ఇక అనుమానించడానికి నాకు మనిషి మిగల్లేదు.

గురువారం పొద్దున్నే కొత్తదండ తెచ్చుకుని తలుపు తీశాను. నాలుగింటిలో ఒకదాని మెడ దగ్గర తెల్లటి చుక్కలు కనిపించాయి. ఏ మూలో మొదలై నాలుగువైపులా పాకడం బూజు పద్ధతి. ఇది అలా లేదు. మామయ్య పుప్పొడి చూసుకునే భూతద్దం తీసి పెట్టి చూశాను. చుక్క, చుక్క, చుక్క, సమానమైన ఎడంతో, బిరడా అంచునుంచి గాజు గోడ వెంబడి జావ దాకా వరసగా ఉన్నాయి. బూజు అంటుకున్న కాళ్ళతో ఏదో నడిచి వెళ్ళింది. అడుగు వేసిన చోటల్లా బూజు మొలిచింది.

దూదిలోంచి దూరగలిగేంత చిన్నది, కాళ్ళున్నది, ఎక్కణ్ణుంచి వస్తుంది? గదిలో మట్టి లేదు, ఆకు లేదు, మొక్క లేదు.

నా ఎడమచేతికి మల్లెదండ చుట్టుకుని ఉంది.

మేకుకున్న పాతదండ తీసి తెల్లకాగితం మీద దులిపాను. ధూళి రాలింది. భూతద్దం పెట్టి చూస్తే ఆ ధూళి కదులుతోంది. నల్లి. మంచాల్లో దూరేది కాదు, పూలకు పట్టే సన్న నల్లి, వాడిన మల్లెతొడిమల నిండా అదే. పూవు వాడేకొద్దీ అవి దిగి, మేకుమీంచి పెట్టె మీదికి, పెట్టెమీంచి బల్లమీదికి, ఒక సీసా బూజులో తిని ఆ కాళ్ళతోనే పక్క సీసాలోకి వెళ్ళాయి. ఏడు గురువారాలు, ఏడు దండలు. వారం వారం నేనే తెచ్చి పెట్టాను.

రెండు దండలనూ కాగితంలో మడిచి స్పిరిట్‌లో ముంచి పట్టుకుని అలాగే మెట్ల దగ్గరికి వెళ్ళాను. మామయ్య పీచు కోస్తున్నారు. ఆయన కింది మెట్టుమీద, కాలవ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను.

"చేతులు కాదు మామయ్యా" అన్నాను. "నల్లి. పూలల్లోంచి దిగింది. పూలు నేను పెట్టాను."

ఆయన కత్తి పక్కన పెట్టారు. "ఎక్కడ పెట్టావు?"

"పెట్టె మూల. ప్రతి గురువారం."

"గురువారమా" అని ఆగారు. గురువారం పూలు ఎవరికి పెడతారో మా ఊళ్ళో పసిపిల్లను అడిగినా చెబుతుంది. ఆయన నన్నింకేమీ అడగలేదు. కాలవలో పోతున్న పడవను కనుమరుగయ్యేదాకా చూశారు.

"నలభై ఏళ్ళలో ఒక్క పూవునైనా ఆ గుమ్మం దాటనివ్వలేదు నేను" అన్నారు చివరికి. "నీకు చెప్పడం మర్చిపోయాను. అది నా తప్పు. ఇంకెన్ని ఉన్నాయి?"

"నాలుగు. మూడనుకోండి. ఒకదానిలో దిగాయి."

"ఇవాళ ముట్టుకోకు. నీ ఒంటిమీద కూడా ఉంటాయి. ఆ బట్టలు ఉడకబెట్టు, తలంటుకో. బల్ల బయటికి లాగి స్పిరిట్‌తో కడుగు. రేపు పొద్దున్నే మొలకల్ని కొత్త సీసాల్లోకి మారుద్దాం. బిరడా మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు బిగిద్దాం."

నేను నా నోటితో అన్నదాని గురించి మాట్లాడబోయాను. వంటింట్లో అన్నది, తాళం సంగతి, అన్నీ. ఆయన మళ్ళీ కత్తి తీసుకుని, ముందు జావ కాచమ్మా, వేళ మించిపోతుంది అన్నారు.

శుక్రవారం పొద్దున ఆయన నా భుజం వెనక నిలబడ్డారు. మొలకల్ని పలచటి బ్లీచింగ్ నీళ్ళలో ఒకసారి ముంచి, మళ్ళీ మళ్ళీ కడిగి, కొత్త జావ మీద గుత్తులు గుత్తులుగా పెట్టాను. నా చెయ్యి ఆయన చేతికంటే ఎక్కువ వణికింది. ఆగు, ఊపిరి తియ్యి, సీసా మూతి మంట పక్కన ఉంచు అని ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. మూడింటినుంచీ పదకొండు సీసాలు చేశాం. ఆ తర్వాత పదిరోజులు నాకు అన్నం నీళ్ళు లేవు. రోజూ రెండుపూటలా భూతద్దంతో ఒక్కొక్క మెడా వెతికేదాన్ని. నాలుగోరోజు రెండు పోయాయి, ఆరోరోజు ఒకటి. ఆ తర్వాత ఏమీ పోలేదు. పదిరోజులు గడిచాయి, పదిహేనూ గడిచాయి. ఎనిమిది సీసాలు తేటగా నిలబడ్డాయి. పచ్చచుక్కలకు సూదిమొనంత ఆకు కొసలు వచ్చాయి.

ఆవేళ మధ్యాహ్నం మామయ్యను గదిలోకి పిలిచాను. అన్నిట్లోకీ మంచి సీసా ఎంచి, ఆయన రోజూ నిలబడే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఇదిగోండి చూడండి అని అందించాను.

ఆయన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నారు.

"నువ్వు పట్టుకోమ్మా, నేను చూస్తాను" అని మెడ ముందుకు వంచారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తనకు తెలియకుండానే చేతులు వెనక్కి పోయాయని నాకు అర్థమైంది. గదిలోకి అడుగుపెట్టిన శుక్రవారం కూడా అలాగే నిలబడి ఉంటారు, నా వెనకే ఉండడంతో నేను చూడలేదు.

ఆయన వెనక్కి వెళ్ళి ఆ చేతులు పట్టుకుని ముందుకు తెచ్చాను. రానివ్వలేదు మొదట. సీసాను వాటి మధ్య పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే దాని చుట్టూ వేసి, పైన నా చేతులు మూశాను. సీసా వణికింది, లోపల బొట్లు ఎగిరాయి, ఎగరనీ అనుకున్నాను.

"ఎన్నున్నాయి ఇందులో?" అని అడిగారు, సీసాను కంటికి ఆనించుకుని.

లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కళ్ళనిండా నీళ్ళు నిలిచి మూడుసార్లు లెక్క తప్పాను. నేను మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేదాకా ఆయన సీసా అలాగే పట్టుకుని నిలబడ్డారు.